గడప దాటాక ఊడ్చిన వరండా

రెజిమెంటల్ బజార్, సికింద్రాబాద్
20 ఆగస్టు 2025

గంగాభాగీరథీ సమానురాలైన దేవమ్మ వదినగారికి,

1991 నవంబరులో, దీపావళి మర్నాడు, ఈ ఇంటి వరండాలో నిలబడి, మా అన్నయ్య సాక్షిగా నువ్వు నాకొక మాట ఇచ్చావు. ఈ ఇంట్లో ఇక జన్మలో చీపురు పట్టనన్నావు. నేను అడగలేదు, నువ్వే ఇచ్చావు. ఆ మాట పదిహేను రోజులు బతికింది. కార్తీక పౌర్ణమి సాయంత్రం నేను ప్రెస్సు నుంచి వచ్చేసరికి నడుం వంచి అదే వరండా ఊడుస్తున్నావు. దీపాలు పెట్టాలి గదా అన్నావు. నేను నీతో ఆడిన ఆఖరి మాట నీకు గుర్తుందో లేదో. 'కానివ్వు' అన్నాను.

ముప్పై నాలుగేళ్ళుగా నీతో మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడటం లేదు, రాస్తున్నాను. నా ఒట్టు నోటికే గాని చేతికి కాదు.

ఆదివారం నీ కూతురు అనుపమ వచ్చి ఒక సంచి పెట్టింది. 'అమ్మ పంపింది చిన్నాయనా, దసరా దులుపుడుకు' అని, నేను కళ్ళజోడు వెతుక్కునేలోపు మెట్లు దిగిపోయింది. సంచిలో కిలో కుంకుడుకాయలు, నల్లబడిన చింతపండు ముద్ద, గోధుమరంగు నీళ్ళతో రెండు సీసాలు. ఒకదాని మూత తీస్తే సారా దుకాణం ముందు నిలబడ్డట్టుంది. వీటన్నిటి మీదా పడుకోబెట్టి ఒక కొత్త చీపురు.

చీపురు. నాకు. నువ్వు.

వయసు మీద పడి మరిచిపోయావేమోనని గుర్తుచేస్తున్నాను. ఇంట్లోంచి మనిషి ప్రయాణమై గడప దాటితే, ఆ మనిషి చేరవలసిన చోటు చేరేదాకా ఇల్లు ఊడవరు. అలా ఊడిస్తే శవం లేచిన ఇంటితో సమానం, వెళ్ళిన మనిషి తిరిగి రాదు. నువ్వు కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే మా అమ్మ నీకిది నేర్పింది. 1991 అక్టోబరులో నా భార్య సుమిత్ర వాళ్ళ అక్క ఊరు జనగామకి బయల్దేరింది. పది రోజుల్లో వస్తానంది. ఆమె ఎక్కిన రిక్షా సందు మలుపు తిరగకముందే వరండాలో నీ చీపురు చప్పుడు వినపడింది. ఆమె మళ్ళీ ఈ గడప ఎక్కలేదు. పద్దెనిమిదేళ్ళు జనగామలో ఉండి, అక్కడే పోయింది.

నాకు మూఢనమ్మకాలు లేవు. మూడు భాషల్లో పుస్తకాలు చదివినవాణ్ణి, ముప్పై ఆరేళ్ళు పెద్ద పెద్ద పండితులు రాసిన చెత్తకి ప్రూఫులు దిద్దినవాణ్ణి. కానీ సాక్ష్యం సాక్ష్యమే. నువ్వు ఊడ్చావు, ఆమె రాలేదు.

చీపురు వాపసు పంపుతున్నాను.

భానుప్రకాశ్


యాప్రాల్
27 ఆగస్టు 2025

మరిది భానుప్రకాశ్‌కు వదిన దేవమ్మ దీవెనలు.

ఇయ్యాల వినాయక చవితి. అనుపమ పత్రి కోసం పోయింది, ఇల్లు సప్పుడు లేదు, అందుకని కూసుండి రాస్తున్న. నీ కాడికెల్లి ఈడికి బస్సుల గంట తొవ్వ. నీ ఉత్తరానికి ఆరు దినాలు పట్టింది. నీ లెక్కనే అది సుత అలిగి, ఆగుకుంట ఆగుకుంట నడిసొచ్చినట్టుంది.

మాట ఇచ్చింది నిజమే, తప్పింది నిజమే. ఊడ్వని వరండల దీపం ఎట్ల పెడతరు? అప్పుడు నువ్వన్నది 'కానివ్వు' గాదు, 'కానియ్యి' అన్నవ్. ఎంత సదివినా తిక్కలేస్తే నీ నోట్ల మా మాటనే వస్తుండె. అటెన్క పన్నెండేండ్లు ఒక్క ఇంట్ల ఉండి గడియారంతోని మాట్లాడినవ్. 'కూరల ఉప్పు తక్కువైందని చెప్పాల్సినవాళ్ళకి చెప్పు' అని దానికి చెప్పేటోనివి. మీ అన్న పోయిన దినం సుత నాకు గాదు, దర్వాజకు ధైర్యం చెప్పినవ్. సరే, అయిపోయిన సంగతులు.

ఇప్పటి సంగతి చెప్త. నా గుండెల వాల్వు ఒకటి సరిగ్గ మూసుకుంటలేదట, గడియ పడని తలుపు లెక్క. దసరా అయినంక, అక్టోబర్ ఆరు సోమారం ఆపరేషన్. డాక్టర్ నవ్వుకుంటనే చెప్పిండు. గని అనుపమతోని కాగితాల మీద సంతకాలు పెట్టిచ్చుకున్నప్పుడు మాత్రం నవ్వలే. ఎనభై దగ్గరకొచ్చినయి, తిరిగొస్తనో రానో. గందుకని పోయేముంగట ఒక్కపారి ఆ ఇంటికి రావాలె. పదిహేడేండ్లకు వచ్చిన ఇల్లు అది. ఒక్క దినం నా చేతులతోని దులిపి, కడిగి, గడపకు పసుపు పెట్టి పోతా. నాతోని మాట్లాడమని అడుగుతలేను. నువ్వు గడియారంతోనే మాట్లాడుకో. రమ్మని ఒక్క ముక్క రాయి, చాలు.

నేను ఈడ పొరక పట్టక మూడేండ్లయింది. అనుపమ ఒక మిషన్ కొన్నది, తాబేలు లెక్క గుండ్రంగ ఉంటది. పొద్దున తొమ్మిది కొట్టంగనే దానంతట అదే షురూ అయి ఇల్లంత తిరిగి ఊడుస్తది. మంచం కిందికి పోయి ఇరుక్కొని ఏడుస్తది. నువ్వే నయం, ఇరుక్కున్నా సప్పుడు చెయ్యవు.

సీసాల ఉన్నది సారా గాదు, బత్తాయి తొక్కల నీళ్ళు. బకెట్‌ల ఒక గ్లాసు పోసి బండలు తుడువు. పొరక వాపస్ పంపినవ్ గని సీసాలు పంపలే. చూసిన.

దేవమ్మ


రెజిమెంటల్ బజార్
3 సెప్టెంబర్ 2025

వదినా,

నీ ఉత్తరంలో ఇరవై ఆరు తప్పులున్నాయి. 'పొరక' అని రెండుచోట్ల రాశావు, అచ్చులో దాన్ని చీపురు అంటారు. 'సప్పుడు' కాదు, చప్పుడు. కామాలు పెట్టిన చోట్లు చూస్తే పప్పులో ఆవాలు చల్లినట్టుంది.

ఆపరేషన్ గురించి విన్నాను. ఈ కాలంలో వాల్వు మార్చడం కుళాయికి వాషర్ మార్చినంత పని అని ఏదో పత్రికలో చదివాను. భయపడకు. నువ్వు భయపడే రకం కాదని తెలుసు, మర్యాద కోసం రాశాను.

ఇంటికి మాత్రం రావద్దు. నాకు చేతులున్నాయి.

మొన్న చీపురు కోసం జాన్ సాహెబ్ దుకాణానికి వెళ్ళాను. తాళ్ళూ బుట్టలూ చీపుర్లూ అమ్మే జాన్ సాహెబే, ఇంకా బతికే ఉన్నాడు, ఇంకా తూకం లేకుండా మాట్లాడుతున్నాడు. మూల నుంచి రంగురంగుల ప్లాస్టిక్ చీపుర్లు తీసి, విరగవు, అరగవు, మీకంటే ఎక్కువ రోజులు ఉంటాయి అన్నాడు. నాకు ఈతాకుది కావాలన్నాను. దానితోపాటు బూజులకి ఒక పొడుగు కర్ర అడిగాను. లోపలికి వెళ్ళి కొలత అడక్కుండానే ఒకటి పట్టుకొచ్చాడు. 'మీ అటక ఎంత ఎత్తుందో నాకెర్క సార్. అమ్మ ప్రతి దసరాకు గీ సైజుదే తీస్కపోతుండె' అన్నాడు. ఏ అమ్మ అని నేను అడగలేదు. దుకాణదారులకి జ్ఞాపకశక్తి ఉండటం వ్యాపారానికి మంచిదేమో గాని కొనేవాళ్ళకి మంచిది కాదు.

నాలుగు రోజులుగా ఇల్లు దులుపుతున్నాను. బూజు దులిపితే అది కింద పడుతుందని పుస్తకాలు రాసేవాళ్ళు అనుకుంటారు. పడదు, దులిపేవాడి నెత్తిన కూర్చుంటుంది. ఇత్తడి చెంబులు నీ చింతపండుతో తోమాను. నా మొహం కనపడేటంత తళతళలాడుతున్నాయి, అదొక్కటే లోపం. కిటికీ అద్దాలకి వెనిగర్ నీళ్ళు చల్లి పాత దినపత్రికతో తుడిచాను. ఆ పత్రికలో వచ్చిన సంపాదకీయాలకి ఇన్నేళ్ళలో అంతకంటే మంచి ఉపయోగం దొరకలేదు.

నీ గోధుమరంగు నీళ్ళు పనికిరావని రుజువు చేయడానికి వంటగట్టు మీద పోసి చూశాను. పొయ్యి పక్కన ఇరవై ఏళ్ళ నాటి జిడ్డు మరక ఒకటుంది. అది నాకు పాత స్నేహితుడి లెక్క. పావుగంటలో పోయింది. కేవలం శాస్త్రీయమైన ఆసక్తితో అడుగుతున్నాను, దాన్ని ఎలా చేస్తారు?

భానుప్రకాశ్


యాప్రాల్
10 సెప్టెంబర్ 2025

భానుప్రకాశ్‌కు,

'పాత స్నేహితుడి లెక్క' అని రాసినవ్. అచ్చుల 'లాగా' అనాలె గదా? నేను సుత సదువుతున్న, చూసుకో.

బత్తాయి తొక్కలు జూస్ బండోనికాడ ఊకెనే ఇస్తరు. మూడు పాళ్ళు తొక్కలకు ఒక పాలు బెల్లం, పది పాళ్ళు నీళ్ళు. గాజుదాంట్ల గాదు, ప్లాస్టిక్ డబ్బల పోయాలె, నిండ పొయ్యద్దు, అది ఊపిరి పీలుస్తది. మొదటి నెల దినాం మూత జెర ఇప్పి గాలి ఇడువాలె. లేకపోతే ఉబ్బి ఉబ్బి పేలుతది. కోపం లోపల పెట్టుకునేటోళ్ళ లెక్క. మూడు నెల్లకు వడగట్టుకుంటే అయిపోయె. బెల్లం నల్లది మంచిది. జనగామ సంతల దొరికేది అయితే ఇంక మంచిగ పులుస్తది.

కుంకుడుకాయలు రాత్రి నానవెట్టి పిసికి ఆ నురుగుతోని తలుపులు, కుర్చీలు తుడువు. అటెన్క పొడిబట్ట. నీ పుస్తకాల అలమారల ఏపాకులు ఎండవెట్టి పరువు. తడి బట్ట పెట్టద్దు. నువ్వు పెట్టి ఉంటవ్.

నిచ్చెన ఎక్కకు. పడితే ఎవరిని పిలుస్తవ్, గడియారాన్నా?

మళ్ళ అడుగుతున్న. ఒక్క దినం. పొద్దున పదింటికి అనుపమ దించిపోతది, నాలుగింటికి వచ్చి తీస్కపోతది. నేను బరువులు ఎత్తను. నువ్వు దులుపంగ మిగిలిన మూలలు ఏవో నాకెర్క, అవ్వి చేసి పోతా. ఆయాసం వస్తుంది ఈ నడుమ. రెండు మెట్లెక్కితే కూసుంటున్న. జెర తొందరగ చెప్పు.

దేవమ్మ


రెజిమెంటల్ బజార్
16 సెప్టెంబర్ 2025

వదినా,

'లెక్క' గురించి నువ్వన్నది నిజమే. నలభై ఏళ్ళలో నా రాతలో తప్పు పట్టిన మొదటి మనిషివి. సంతోషించు, అందరికీ చెప్పుకో.

తడి బట్ట పెట్టాను. అలమారలో కింది అర పుస్తకాలు అప్పడాల్లా ఉబ్బాయి. నీకెలా తెలిసింది?

నిన్న నిచ్చెన రెండో మెట్టు మీద నుంచి జారాను. ఏమీ కాలేదు, మోచెయ్యి గీసుకుంది. పడ్డాక బండల మీద కాసేపు అలాగే కూర్చున్నాను. ఎనభై ఏళ్ళకి దగ్గరపడ్డ ఇద్దరు మనుషుల్లో ఒకరు మెట్లెక్కలేరు, ఇంకొకరు దిగలేరు. ఈ లెక్కన ఈ ఇల్లు దులపడం పూర్తి కాదు. అందుచేత 28వ తేదీ ఆదివారం రా. పది నుంచి నాలుగు దాకా. నేను లోపలి గదిలో పుస్తకం చదువుకుంటూ ఉంటాను. టీ ఫ్లాస్కులో పోసి బల్ల మీద పెడతాను, ఎవరి కోసమని అడగకు.

ఒక సంగతి. జీవితమంతా నేను చేసింది జారిపోయిన అక్షరాన్ని పట్టుకోవడమే. నీ ఉత్తరంలో ఒక మాట జారింది. బెల్లం జనగామ సంతది అయితే మంచిగా పులుస్తుందని రాశావు. నీ పుట్టిల్లు సిద్దిపేట. మెట్టినిల్లు ఇది. కూతురిల్లు యాప్రాల్. జనగామ సంతలో ఏ బెల్లం దొరుకుతుందో, అది ఎలా పులుస్తుందో నీకెలా తెలుసు?

ఈ ప్రశ్నకు జవాబు రాసి మరీ రా.

భానుప్రకాశ్


యాప్రాల్
20 సెప్టెంబర్ 2025

భానుప్రకాశ్‌కు,

నీ ఉత్తరం ఈసారి నాలుగు దినాలకే వచ్చింది. రమ్మన్నవని సదివి అనుపమ ఎగిరి గంతేసింది. నేను చివరిదాంక సదివిన. ఇది పోస్టుల ఎయ్యను, రేపు పెత్రమాస పొద్దున అనుపమ చేతికిచ్చి తోలుతున్న.

బెల్లం గురించి అబద్ధం ఆడొచ్చు. ఆడితే ఆదివారం నాకు దక్కుతది. గని నీ ఇల్లు కడగనికి అబద్ధంతోని రాబుద్ధయితలేదు.

నేను ప్రతి సంవత్సరం దసరాకు ముంగట జనగామ పోయిన. పద్దెనిమిదేండ్లు. కొమురెల్లి మల్లన్న మొక్కు అని చెప్పి పోయేదాన్ని, మీ అన్నకు ఒక్కనికే ఎరుక. సుమిత్రది ఒక్క అర్ర. కుట్టుమిషన్ పెట్టుకొని ఆడపిల్లలకు కుట్టుడు నేర్పేది. ఇద్దరం కలిసి ఆ అర్ర దులిపి, ఎర్రమన్నుతోని అలికేటోళ్ళం. పొద్దుమీకి అయిపోయేది. అటెన్క తిని, నవ్వుకుంట కూసునేటోళ్ళం. తొక్కల నీళ్ళు చేసుడు నాకు నేర్పింది సుమిత్రనే. నీ వంటగట్టు మీద మరక పోయింది సుమిత్ర చేతి గుణంతోనే.

ఇంకోటి. ఇది చెప్పకుంట ఆపరేషన్ బల్ల ఎక్కితే నా వాల్వు ఎన్ని మార్చినా ముయ్యది.

ఆ దినం వరండల నేను మతిమరిచి ఊడ్వలే. మీ అమ్మ నేర్పింది నాకు యాదికుంది. బట్టల సంచి పట్టుకొని సుమిత్ర నా దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకొని అన్నది, 'అక్కా, నేను రిక్షా ఎక్కంగనే ఊడ్చెయ్. ఊడుస్తే మళ్ళ రానట్టే గదా. ఊడ్వకపోతే నా మనసు నిలువది, రెండు దినాలకే ఎన్కకు వస్తా.' నేను అద్దన్న. ఏడ్చింది. ఊడ్చిన.

ఎందుకు పోయిందని అడుగుతవ్. నువ్వు కొట్టలే, తిట్టలే, తాగలే. దిద్దినవ్. సామాన్ల చిట్టీ రాస్తే దిద్దినవ్. నలుగురిల మాట్లాడితే మధ్యల ఆపి దిద్దినవ్. 'నిద్రల పలవరిస్తే సుత దిద్దుతడక్కా' అని నవ్వేది. మొదట్ల నవ్వేది.

ఊడ్చినా సుత రెండు నెల్లకు దాని మనసు ఎన్కకు మళ్ళింది. నీకు ఉత్తరం రాసింది. నువ్వు ఒక్క ముక్క జవాబు రాయలే. ఎర్ర సిరాతోని తప్పులు దిద్ది, దాని ఉత్తరం దానికే వాపస్ పంపినవ్. అది పెట్టె అడుగున దాసుకున్నది. పోయినంక వాళ్ళక్క నాకిచ్చింది, నా దగ్గర్నే ఉన్నది.

ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అంటే, నువ్వు నన్ను తిట్టుకుంట బతుకుతున్నవ్. అదన్న ఉండనీ అనుకున్న.

ఇప్పుడు రమ్మంటవో వద్దంటవో నీ ఇష్టం.

దేవమ్మ


రెజిమెంటల్ బజార్
21 సెప్టెంబర్ 2025

అనుపమ కింద బండి దగ్గర నిలబడి ఉంది. జవాబు పట్టుకెళ్తానంటోంది.

చదివాను. నా వెనక పద్దెనిమిదేళ్ళు మీరిద్దరూ నవ్వుకుంటూ కూర్చున్నారని తెలిసి ఆనందించాను. మా అన్నయ్య కూడా మంచి నటుడే, నాటకాల్లో చేరవలసింది.

28వ తేదీ రావద్దు.

భానుప్రకాశ్


యాప్రాల్
13 అక్టోబర్ 2025

మరిది భానుప్రకాశ్‌కు వదిన దేవమ్మ దీవెనలు.

నాకింక కలం పట్టే బలం రాలే. నేను చెప్తుంటె అనుపమ రాస్తుంది. దిద్దద్దని దానికి చెప్పిన.

బతికిన. ఎదురురొమ్ము మీద జానెడు కుట్టు పడ్డది. దగ్గితే ఎముకలు కిర్రుమంటున్నయి. ఎత్తద్దు, వంగద్దు, మూడు నెలలు పొరక మాట ఎత్తద్దన్నడు డాక్టర్.

నువ్వు రావద్దని రాసిన చిట్టీ సదివి నేను ఏడ్వలే. అనుపమ ఏడ్చింది. బేస్తారం రాత్రి నాకు ఊపిరి ఆడలే. ఆరో తారీఖు దాంక ఆగేటట్టు లేదు, పొద్దుగాలే తీస్కరండ్రి అన్నరు దవఖానల. అనుపమ నీకు ఫోన్ చేసి చెప్పిందట, శుక్రారం తొమ్మిదింటికి బయల్దేరుతమని. నువ్వు 'సరే' అన్నవట. గంతే.

తెల్లారి సంచి సదురుకొని, తాళం ఏసి, లిఫ్ట్ కాడికొచ్చినం. అనుపమ ఫోన్ మోగింది. 'చిన్నాయన' అన్నది. మాట్లాడి నా ముఖం దిక్కు చూసింది. 'నీకే ఇయ్యమంటుండు' అని నా చెవి కాడ పెట్టింది. నేను హలో అనలే, ఊపిరి లేదు. నీ గొంతు ముసలిదైంది. నేను గుర్తువట్టలే మొదలు.

'వదినా, ఆ మిషన్ ఆపు' అన్నవ్.

ముప్పై నాలుగేండ్ల తర్వాత నాతోని మాట్లాడిన మొదటి మాట. బాగున్నవా లేదు, భయపడకు లేదు. నాకు సమజ్ కావటానికి జెరసేపు పట్టింది. పక్కన్నే ఉన్న అనుపమకు వినవడ్డది గని అస్సలే సమజ్ కాలే, ఏ మిషన్ చిన్నాయనా అని నువ్వు పెట్టేసినంక అడుగుతుంది. నేను తలుపు దిక్కు చెయ్యి చూపెట్టిన. అది ఉరికి తాళం తీసింది. తొమ్మిది దాటింది. తాబేలు అప్పటికే ముందర అర్ర మొత్తం ఊడ్చి, గడప కాడికొచ్చి, నా దిక్కే చూస్తున్నట్టు తిరుగుతుంది. ఆ మంచి శకునం చూసుకొని నేను ఆపరేషన్‌కు పోయిన.

లిఫ్ట్‌ల నవ్వు ఆపుకోలేకపోయిన. ఊపిరి ఆడనిదానికి నవ్వు ఎట్లొచ్చిందో. డాక్టర్లు మత్తు ఇచ్చేముంగట ఏం తలుసుకుంటున్నవమ్మా అని అడిగిండ్రు. మిషన్ అన్న. వాళ్ళు వాళ్ళ మిషన్ అనుకున్నరు.

సుమిత్ర ఉత్తరం ఈ కవర్ల పెట్టి, పోస్టుల ఎయ్యకుంట అనుపమ చేతనే తోలుతున్న. అది నీదే. సదువు.

దేవమ్మ


రెజిమెంటల్ బజార్
19 అక్టోబర్ 2025

వదినా,

నేను ఫోన్ చేసిన మాట ఎవరికీ చెప్పవద్దు. మూడు భాషల్లో చదివిన మనిషి తాబేలుకి భయపడ్డాడని జాన్ సాహెబ్ చెవిన పడిందంటే, సాయంత్రానికి బజారంతా పాకుతుంది. ఆ పొద్దున నేను పేపరు చదువుకుందామనే కూర్చున్నాను. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింటి దాకా ఒకే వార్త చదివాను. దేని గురించో అడిగితే చెప్పలేను.

నా మాట ఆలస్యమైంది, మిషన్ ఊడ్చింది, నువ్వు తిరిగి వచ్చావు. దీన్నిబట్టి మనిషి వెనక ఇల్లు ఊడిస్తే ఆ మనిషి రాదన్నది తప్పని తేలింది. 1991 నాటి కేసు కొట్టేయక తప్పడం లేదు. నువ్వు నిర్దోషివి. ముప్పై నాలుగేళ్ళ శిక్ష ఇప్పటికే అనుభవించేశావు కనక దాన్ని తిరిగి ఇవ్వడానికి వీలుపడదు. ఇలాంటివి పెద్ద పెద్ద న్యాయస్థానాల్లో కూడా జరుగుతూ ఉంటాయి.

ఇల్లు సగమే దులిపాను. నువ్వు లేచి తిరిగే రోజున రా. వంగవద్దన్నారు కదా, హాల్లో కుర్చీ వేస్తాను, కూర్చుని ఎక్కడెక్కడ మిగిలిందో చూపించు. నేను దులుపుతాను, నువ్వు నన్ను దిద్దు. నోటితోనే దిద్దు. నేనూ నోటితోనే జవాబు చెబుతాను. గడియారం ఎలాగూ వారం నుంచి ఆగిపోయింది, బ్యాటరీ వేయలేదు.

ఇక సుమిత్ర ఉత్తరం.

మూడు రోజులు దాన్ని బల్ల మీద పెట్టి చూశాను. నాలుగో రోజు చదివాను. చదివాననే ఇన్నేళ్ళూ అనుకున్నాను. అప్పట్లో నేను చదవలేదు, దిద్దాను. రెండు వేరు వేరు పనులని ఆ వృత్తిలో ఎవరూ చెప్పరు. ప్రూఫు దిద్దేవాడు అర్థంలోకి వెళితే అక్షరం జారిపోతుంది, అందుకని వెళ్ళకూడదని నాకు నేర్పారు. నేను మంచి విద్యార్థిని.

అరపేజీ ఉత్తరం. ఇల్లు దులిపిండ్రా అని అడిగింది. 'దులిపారా' అని దిద్దాను. జనగామలో అక్క ఇల్లు చిన్నది, నాకీడ దులుపనికి ఏం లేదు అని రాసింది. 'ఈడ' కొట్టేసి 'ఇక్కడ' పెట్టాను. తర్వాత ఇలా ఉంది: 'అటుక మూలకున్న బూజు మీకు కనవడది. నేనే వచ్చి సూడాలె.' ఈ రెండు చిన్న వాక్యాల్లో నాలుగు ఎర్ర గీతలున్నాయి. అటుక కాదు, అటక. మూలకున్న కాదు, మూలనున్న. కనవడది కాదు, కనపడదు. సూడాలె కాదు, చూడాలి. మొత్తం పదకొండు తప్పులు పట్టాను. ఒక్కటీ వదల్లేదు, ఇప్పుడు మళ్ళీ సరిచూశాను.

'వచ్చి' అన్న మాట సరిగ్గానే రాసింది. అందులో దిద్దేదేమీ లేదు. అందుకని దాన్ని నేను చూడలేదు.

నేను వెళ్ళి పిలవలేదన్నది నిజమే. జనగామ ఎంత దూరం, రైలెక్కితే రెండు గంటలు. పద్దెనిమిదేళ్ళలో ఆ రెండు గంటలు నాకు దొరకలేదు. నువ్వు అదే అంటావు, అనుపమ అదే అంటుంది, నిన్న అటక మూల దులుపుతుంటే నాకూ కాసేపు అలాగే అనిపించింది. కానీ ఈ వయసులో నన్ను నేను దోషిని చేసుకుని కూర్చుంటే ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ మిగలరు. పైగా న్యాయం కూడా కాదు. పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషి. తప్పున్న మాట తప్ప నా కంటికి ఆనదని ఆమెకి తెలియదా? తెలుసు. అందరికంటే బాగా తెలుసు. అరపేజీ నిండా తప్పులు రాసి, ఒక్క ఆ మాటనే తప్పు లేకుండా రాసింది. దానిలో ఒక్క అక్షరం పొల్లు పోనిచ్చినా నేను పట్టుకునేవాణ్ణి, వెంటనే రైలెక్కేవాణ్ణి. అందుకని వదినా, నిన్ను వదిలేశాను గాని, ఈ ఇంటికి జరిగినదానికి నేను ఇప్పటికీ తప్పు పట్టేది సుమిత్రనే.

భానుప్రకాశ్